నిలిచి చూచిన కవి – పాల్కురికి సోమనాథుడు

బడంగ్‌పేట్ పరిసరములనుండి ప్రతిదినము ప్రొద్దుటి వేళ ఎందరో దిల్‌సుఖ్‌నగర్‌కును, ఎల్.బి.నగర్‌కును పరుగు పరుగున బయలుదేరుదురు. బస్సు దాటిపోవునేమో యని ఒకరికి, బడిగంట మ్రోగునేమో యని ఒకరికి తొందర. 2018లో ఎల్.బి.నగర్ వరకు మెట్రోరైలు వచ్చిన తరువాత ప్రయాణకాలము తగ్గినది. మిగిలిన ఆ కాలము మాత్రము ఎవరి ఇంటను కనబడుట లేదు. ఈ ప్రాంతమునకు చేరువలోనే కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామి ఆలయము కలదు. దినమంతయు వేటాడి అలసిన ఒక కాకతీయ ప్రభువు అచ్చట చెట్టునీడను విశ్రమించెననియు, అప్పుడాయనకు పొదల నడుమనుండి రామనామము వినవచ్చెననియు స్థలపురాణము. గుఱ్ఱము పరుగెత్తుచున్నంతసేపు వినబడని నామము, కూర్చుండిన పిదప వినబడినది.

అదే కాకతీయుల నేలపై, ఓరుగంటికి అనతిదూరమున, నేటి జనగామ జిల్లాలోని పాలకుర్తి గ్రామమున పాల్కురికి సోమనాథుడు జన్మించెను. తల్లి శ్రియాదేవి, తండ్రి విష్ణురామిదేవుడు. ఆయన కాలమునుగూర్చి పండితులలో రెండభిప్రాయములు కలవు. కొందరు మొదటి ప్రతాపరుద్రునిగా ప్రసిద్ధుడైన రుద్రదేవుని కాలము నాటివాడందురు. కొందరు 1289 మొదలు 1323 వరకు పాలించిన రెండవ ప్రతాపరుద్రుని కాలము నాటివాడందురు. సోమనాథుడు తన్ను గూర్చి చెప్పుకొనవలసి వచ్చినప్పుడు పుట్టిన కులగోత్రములకు ప్రాధాన్యమీయలేదు. గురువు చేతిలో పుట్టినవాడననియు, బసవేశ్వరుని సంతతివాడననియు చెప్పుకొనుటయే ఆయనకు గౌరవము. గురులింగార్యుని కరుణ, కట్టకూరి పోతిదేవర సాహచర్యము ఆయన జీవితమునకు రెండు కన్నులు.

ఆ జీవితము తీరికగా గడచినది కాదు. సంస్కృతము, తెలుగు, కన్నడము మూడింటను ఆయన గ్రంథములు చేసెను. అనుభవసారము, బసవపురాణము, పండితారాధ్యచరిత్రము, వృషాధిపశతకము, చతుర్వేదసారము, చెన్నమల్లు సీసములు, బసవోదాహరణము తెలుగున వెలసినవి. సంస్కృతమున సోమనాథభాష్యము రచించి వేదశాస్త్ర ప్రమాణములతో వీరశైవమును సమర్థించెను. కన్నడమున శీలసంపాదనె మున్నగునవి కలవు. రగడలు, గద్యలు, ఉదాహరణములు అనేకములు. ఇవన్నియు తాటియాకుపై గంటముతో వ్రాయవలసిన దినములవి. వ్రాతతో బాటు పరమత పండితులతో వాదము, శిష్యులకు బోధ, గ్రామగ్రామమునకు సంచారము. ఒక మతమును ఒక దేశమున నిలువబెట్టుటకు పూనుకొన్నవానికి ఎంత తొందర ఉండవలయునో అంత తొందరయు ఆయనకుండెను.

ఆ వాదములలోని పరుషవాక్యములను నేటి పాఠకుడు కొంత ఇబ్బందితోనే చదువును. అవి ఆ కాలపు పోరాటమునకు చెందినవి, కాలముతోడనే చల్లారినవి. ఆయన గ్రంథములలో నేటికిని వెచ్చగా నున్న భాగములు వేరు. పసిబిడ్డకు తల్లి నూనె అంటుట, కుమ్మరి కుండను తట్టి చూచుట, గొల్లెత బురదలో కాలుజారుట, కొండదారిలో ముదుసలి ఆగి ఆగి నడచుట – ఇవియే అవి. ఇంత పని నెత్తిన గల మనుష్యుడు వీనియెదుట నిలిచి, కన్నార చూచి, ఓపికగా వ్రాసెను. వీనిని దాటి పోయియుండినచో మరికొన్ని వాదములు వ్రాసియుండెడివాడేమో. తెలుగువారికి బెజ్జమహాదేవి లభించియుండెడిది కాదు.

ఆయన ఎన్నుకొన్న ఛందస్సును గమనించినను ఈ స్వభావమే తోచును. ఆనాడు పండితుల మన్నన పొందినది వృత్తములు గద్యము కలిసిన చంపూ మార్గము. సోమనాథుడు ద్విపదను గ్రహించెను. రెండేసి పాదములుగా సాగు ద్విపదను చదువురానివారును విని నిలుపుకొనగలరు, పని మానకయే పాడుకొనగలరు. పండితులకు మాత్రమే పరిమితమైన ప్రౌఢభాషకంటె సర్వసామాన్యమైన జానుతెనుగు మేలని ఆయన చాటెను. దంచుచున్న స్త్రీ రోకటిని పక్కన బెట్టి పురాణము వినుటకు రావలసిన పనిలేదు; పురాణమే రోకటి చెంతకు వచ్చును. రోకటి పాటలను, భక్తుల మహిమలను జనులు పదములుగా కట్టి పాడుకొనుటను ఆయన తన గ్రంథములలో ప్రస్తావించెను. తుమ్మెద పదములు, ప్రభాత పదములు, గొబ్బి పదములు, వెన్నెల పదములు, నివాళి పదములు అని ఆనాటి పాటల పేర్లు నేడు తెలియుచున్నవన్న అది పండితారాధ్యచరిత్రము పెట్టిన భిక్ష. తెల్లవారుట కొక పాట, వెన్నెల కొక పాట. ప్రొద్దు పొడుచుటను, వెన్నెల కాయుటను గుర్తించి పాడుకొనిన జనులు వారు. ఆ పాడుటను గుర్తించి వ్రాసిన కవి ఆయన.

బసవపురాణములోని బెజ్జమహాదేవి కథ శరణ కుటుంబములలో తెలియనివారుండరు. అందరికిని తల్లి కలదు, శివునికి తల్లి లేదు. ఈ ఒక్క తలపు ఆ యమ్మ హృదయమును కలచివేసినది. తల్లియే యున్నచో బిడ్డను విషము త్రాగనిచ్చునా, జుట్టు జడలు కట్టనిచ్చునా, పాములను మెడలో వేసికొననిచ్చునా, వల్లకాటిలో తిరుగనిచ్చునా యని ఆమె వాపోయినది. శివుని మహిమలుగా పెద్దలు కొనియాడు లక్షణములన్నియు ఆమె కన్నులకు తల్లిలేని పిల్లవాని కష్టములుగా కనబడినవి. కావున తానే తల్లియైనది. లింగమూర్తిని శిశువుగా భావించి నూనె అంటినది, నీళ్లు పోసినది, కాటుక పెట్టినది, ఉగ్గు పెట్టినది, జోల పాడినది.

ఈ ఘట్టమును సోమనాథుడు రెండు మాటలలో ముగింపవచ్చును. పూజించెనని చెప్పిన కథ నడచును. ఆయన ముగింపలేదు. పసిబిడ్డకు లాలపోయు తల్లి చేతులు ఏ వరుసలో ఏమేమి చేయునో ఆ వరుసలోనే వర్ణించెను. ప్రతి ఇంటను ప్రతిదినము జరుగునది, చేసిన తల్లియే సాయంకాలమునకు మరచిపోవునది, ఇంత విపులముగా కావ్యమున చోటు సంపాదించుట అరుదు. శివుడామెను పరీక్షింపదలచి అంగిటిముల్లు వచ్చిన బిడ్డవలె పాలు ముట్టక యుండెనట. అప్పుడామె పడిన వేదన జ్వరపు బిడ్డను ఒడిలో పెట్టుకొని తెల్లవార్లు కూర్చుండిన ఏ తల్లికైనను తెలిసినదే. ప్రాణమునకే తెగించిన ఆమెయెదుట శివుడు ప్రత్యక్షమయ్యెను. యోగులకు దొరకని దర్శనము ఆమెకు ఉగ్గుగిన్నె దగ్గర దొరకినది.

గొడగూచి కథయు ఇట్టిదే. ఊరికి పోవుచు తండ్రి అప్పగించిన పని యొక్కటే: దేవునికి పాలు నివేదింపుమనుట. పాలు దేవుడు నిజముగా త్రాగవలయుననియే ఆ బాలిక అనుకొన్నది. నివేదనము ముగిసినదని పాత్ర తీసికొని లేచిపోవుట ఆమెకు తెలియదు. దేవుడు త్రాగువరకు కూర్చున్నది, బతిమాలినది, ఏడ్చినది. పెద్దవారు చేయు పూజలో గంట మ్రోగి హారతి అయిన వెంటనే కన్నులు గడియారము వైపు పోవును. ఆ బాలికకు పోవలసిన చోటు మరియొకటి లేకపోయెను. దేవుడు పాలు త్రాగక తప్పలేదు.

కుమ్మరి గుండయ్య కథలో ఈ విషయము మరింత స్పష్టము. కుండ కాలినదో లేదో, పగులున్నదో లేదో తెలిసికొనుటకు కుమ్మరి దానిని వ్రేళ్లతో తట్టి చూచును. అది ఆ వృత్తిలో దినమునకు ఎన్ని మారులు చేయు పనియో లెక్క లేదు. గుండయ్య ఆ చప్పుడును విన్నాడు. విని, దాని తాళమునకు శివుని తలచి ఆడినాడు. ఆ ఆటకు పరవశించి శివుడు దిగివచ్చి తానును ఆడినాడు. దేవాలయమునకు పోయి మృదంగము సంపాదించి నేర్చుకొని పిదప సేవింతునని గుండయ్య వాయిదా వేయలేదు. ఉన్నది కుండ, అదియే వాద్యము. ఉన్న వేళ పనివేళ, అదియే పూజావేళ. శరణులు కాయకమనగా ఇట్టిదే గాని, మితిమీరిన సంపాదన కాదు. కల్యాణమున రాలిన బియ్యపు గింజలను ఏరి దాసోహము జరుపు ఆయ్దక్కి మారయ్య ఒకనాడు కావలసినదానికంటె ఎక్కువ తెచ్చినప్పుడు, భార్య లక్కమ్మ ఆ ఎక్కువను తిరిగి పోసి రమ్మని పంపినదని కన్నడ శరణుల చరిత్ర తెలుపుచున్నది. ఒక దినమునకు ఎంత చాలునో ఎరిగిన ఇల్లాలు ఆమె.

బసవేశ్వరుడు గింజలేరు మారయ్య వంటివాడు కాడు. పన్నెండవ శతాబ్దమున కల్యాణమున బిజ్జలుని కొలువులో భండారమును నిర్వహించిన మంత్రి. రాజ్యపు ఆదాయవ్యయములు, రాజు అనుమానములు, అసూయపరుల ఫిర్యాదులు, ఇంటివద్ద నిత్యము వేలకొలది జంగమార్చనలు. ఆయనకున్నంత ఒత్తిడి నేటి ఏ కార్యాలయాధికారికిని ఉండదు. అట్టివానిని గూర్చి వ్రాయుచు సోమనాథుడు ఒక చిన్న సంఘటనమును చేర్చెను. కొలువు నిండుగా నున్నది. బసవేశ్వరుడు ఉన్నట్టుండి రెండు చేతులు చాచి, కనబడని దేనినో పట్టి నిలిపినట్లు చేసెను. సభవారు విస్తుపోయిరి. రాజు కారణమడిగెను. ఎచ్చటనో బురదలో కాలుజారి, తలపై కుండ ఒరిగిపోవుచుండగా ఒక గొల్లెత బసవా యని పిలిచినదనియు, ఆ కుండను తాను పట్టితిననియు ఆయన చెప్పెను. రాజు ఆమెను పిలిపించి విచారింపగా అది నిజమని తేలినది.

ఈ కథను మహిమగా మాత్రమే విని చేతులు జోడించువారు పలువురు. సోమనాథుడు పట్టిచూపినది మహిమ కంటె ముందటి విషయమని తోచును. రాజసభలో రాజకార్యము నడచుచుండగా ఒక పేద స్త్రీ పిలుపు మంత్రి చెవిని చేరినది. ఒలికినచో ఆమెకు ఆనాటి కూడు పోవును. రాజ్యమునకు పోవునది ఏమియు లేదు. రాజ్యకార్యమును ఆ క్షణమున ఆపి ఆ కుండకు చేయి అందించుట తగునా యను సందేహమే బసవేశ్వరునికి కలుగలేదు. మంత్రియైన బసవేశ్వరుని రాజనీతిని వర్ణించుటకు కావలసినంత అవకాశముండగా, సోమనాథుడు ఈ కుండను వదలలేదు.

పండితారాధ్యచరిత్రములో ఈ చూపు ఇంకను విస్తరించినది. దీక్ష, పురాతన, వాద, మహిమ, పర్వతములని అందు ఐదు ప్రకరణములు. మల్లికార్జున పండితారాధ్యుడు బసవేశ్వరుని దర్శింపగోరి కల్యాణమునకు బయలుదేరెను. మార్గమధ్యముననే బసవేశ్వరుడు లింగైక్యమందిన వార్త వినవలసి వచ్చెను. ఎంత త్వరపడినను అందని దర్శనమది. ఆ దుఃఖము తరువాత శ్రీశైలమే ఆయన గమ్యమైనది. పర్వతప్రకరణమున సోమనాథుడు పాఠకుని వేగముగా శిఖరమునకు చేర్పడు. దారి పొడవునను నిలుపును. శివరాత్రికి పోవు యాత్రికులలో ఎన్ని రకములవారు, ఎవరెవరు ఏ మ్రొక్కుతో ఎట్లు నడచుచున్నారు, ఎక్కడెక్కడ ఏ చెట్టున్నది, ఏ పువ్వు పూచినది, జాగరమునాటి రాత్రి ఏ పాట పాడిరి, ఏ ఆట ఆడిరి, తెర మరుగున బొమ్మలనెట్లు ఆడించిరి – అన్నియు కావలయును ఆయనకు. నేడు హైదరాబాదు నుండి తెల్లవారుజామున కారులో బయలుదేరి, మల్లన్న దర్శనము చేసికొని, రాత్రికి ఇల్లు చేరినవారు కలరు. వారు శ్రీశైలమును చూచినవారే. దారిని చూచినవారు కారు. సోమనాథుని గ్రంథమున దారియు క్షేత్రమే.

ఈ పట్టికలు మరీ దీర్ఘములనియు, కథ ఆగిపోవుననియు ఆక్షేపించిన విమర్శకులు కలరు. ఒక్కొక్కచోట అది నిజము. కాని ఆగిన ఆ చోట్లయందే ఒక జాతి జీవితము భద్రమైనది. సురవరము ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక సంపాదకత్వము, వకీలు వృత్తి, గ్రంథాలయోద్యమము మొదలగు పనుల నడుమ ఆంధ్రుల సాంఘిక చరిత్రము వ్రాయబూనినప్పుడు, రాజుల యుద్ధములు గాక జనుల తిండి, బట్ట, ఆటపాటలు ఎట్లుండెనని వెదకెను. కాకతీయ యుగమునకు ఆయన ప్రధానముగా ఆశ్రయించినవారిలో పాల్కురికి సోమనాథుడు ఒకడు. 1949లో ఆ గ్రంథము వెలువడినది. 1955లో కేంద్ర సాహిత్య అకాడమి తెలుగునకిచ్చిన మొదటి బహుమానము దానికే లభించినది. శాసనములు వేయించిన ప్రభువులు దానముల లెక్కలు మిగిల్చిరి. సామాన్యుడు జాగరమునాడు ఏ ఆట చూచి నవ్వెనో మిగిల్చినవాడు సోమనాథుడు.

కాని ఆయన కాలమున ఈ రచనకు దొరకిన ఆదరణము సులభమైనది కాదు. తరువాతి తరములవాడైన పిడుపర్తి సోమనాథుడు తన పద్య బసవపురాణమున ఒక వృత్తాంతము చెప్పెను. ఓరుగంటి స్వయంభూదేవుని ఆలయమున భక్తులు కూడి బసవపురాణము వినుచుండిరి. దర్శనమునకు వచ్చిన ప్రతాపరుద్రుడు అదేమని అడిగెను. పాల్కురికి సోమన అనువాడు కల్పించిన క్రొత్త పురాణమనియు, ద్విపదలో తోచినట్లు ప్రాసలు కూర్చినదనియు, ప్రమాణము కాదనియు పక్కనున్న విప్రుడొకడు చెప్పెను. రాజు ఆ మాట విని వెడలిపోయెను. రెండు పాదములు విని పోయిన నష్టమేమియు లేదు. పక్కవాని మాటయే చాలినది. గొల్లెత పిలుపునకు ఆగిన మంత్రి కథ ఆ తాటియాకులలోనే యున్నది. దానిని వినుటకు రాజు ఆగలేదు. విచిత్రమేమనగా, రాజు పోయిన తరువాతను వినువారు లేచిపోలేదు. పురాణము సాగినది.

పిదప మంత్రి ఇందుటూరి అన్నయ మూలమున సోమనాథునకు గౌరవము కలిగెననియు, లభించిన దోకిపర్రు అగ్రహారమును ఆయన తనకుంచుకొనక శిష్యుడైన పిడుపర్తి బసవయ్యకు ఇచ్చివేసెననియు ఆ వంశమువారు చెప్పుకొనిరి. అగ్రహారమున్నచో దాని పన్నులు, పంటలు, తగవులు చూచుకొనవలయును. ఇచ్చివేసినవానికి కాలము మిగులును.

ఇష్టలింగమును అరచేత నుంచుకొని దృష్టి నిలుపుట లింగధారులందరికిని నిత్యవిధి. దినమంతయు చెదరిన చూపును ఒక్కచోట నిలుపు అభ్యాసమది. సోమనాథుని కవిత్వమును ఈ అభ్యాసమునుండి వేరుచేసి చూచుట కష్టము. అరచేతిలోని చిన్న లింగముపై నిలుచుటకు అలవాటుపడిన కన్ను కుండపై నిలిచినది, ఉగ్గుగిన్నెపై నిలిచినది, యాత్రికుని పాదములపై నిలిచినది. బడంగ్‌పేట్‌లోనైనను, మరెచ్చటనైనను ఉదయపు పూజకు పది నిమిషములే దొరకు కుటుంబములున్నవి. ఆ పదిలోను చరవాణి మ్రోగును, పాలు పొంగును. గొడగూచికి దొరకినంత తీరిక వారికి లేకపోవచ్చును. గుండయ్యకు దొరకినంత మాత్రము కలదు. పొంగు పాలను దించు చేయి ఉన్నది, దించునప్పటి చప్పుడున్నది.

సోమనాథుడు కడపటి దినములలో కన్నడ దేశమునకు పోయి అచ్చటనే లింగైక్యమందెనని సంప్రదాయము. తెలుగున ఆయన కట్టిన కథలు ఆయన వెంటనే ఎల్ల దాటినవి. భీమకవి 1369లో బసవపురాణమును కన్నడమున రచించెను. కల్యాణమున పుట్టిన శరణుల చరిత్ర ఓరుగంటి సీమలో తెలుగై, మరల కన్నడమై స్వస్థలము చేరినది. తెలుగు మూలము వేటూరి ప్రభాకరశాస్త్రి విపుల పీఠికతో 1926లో ముద్రితమైనది. 1990లో వెల్చేరు నారాయణరావు, జీన్ రోఘేర్ చేసిన ఆంగ్లానువాదము అమెరికాలో వెలువడినది. బెజ్జమహాదేవి ఇప్పుడు అమెరికాలోని పిల్లలకును చదువ దొరకుచున్నది. అందును ఆమె బిడ్డకు ముందు నూనె అంటి, తరువాతనే నీళ్లు పోయుచున్నది.